సున్నా మార్కుల సబ్జెక్టు

తెలంగాణలో ఇంటర్ చదివే పిల్లవాడికి ఇంగ్లిష్‌లో పూర్తి మార్కులు కావాలంటే నోరు విప్పక తప్పదు. 2023-24లో మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌ను రాతకు 80, ప్రాక్టికల్స్‌కు 20గా విడగొట్టారు. ఆ పిల్లవాడి తమ్ముడికి హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పబోయే టీచరు దాటే పరీక్షలు మూడు. బీఈడీలో చేరడానికి ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలు, అర్హతకు టెట్‌లో 150, ఉద్యోగానికి డీఎస్సీలో 160. మొత్తం 460 బిట్లు. అన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో నొక్కేవే. ఈ 460లో మాట్లాడినందుకు వచ్చేది సున్నా. సొంతంగా ఒక పేరా రాసినందుకు వచ్చేదీ సున్నాయే.

పరీక్షలు పనికిమాలినవని చెప్పడం కాదు నా ఉద్దేశం. లక్షల మంది రాసే పరీక్షలో ఒక్కొక్కరి ఇంగ్లిష్‌నూ కూర్చుని వినడం అయ్యే పని కాదు. అయితే స్కూల్ అసిస్టెంట్ (ఇంగ్లిష్) కావాలనుకునే డిగ్రీ విద్యార్థి ఈ లెక్కను ముందే చూసుకోవాలి. ఎక్కడ ఎన్ని మార్కులో తెలిస్తే, మార్కుల్లేని చోట ఏం చేసుకోవాలో తెలుస్తుంది.

మొదట డిగ్రీ. ఇక్కడే చాలామంది తెలియక దారి తప్పుతారు. బీకాం, బీఎస్సీ వాళ్లు కూడా కొన్ని సెమిస్టర్లు ఇంగ్లిష్ చదువుతారు. అది జనరల్ ఇంగ్లిష్, దాంతో బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ (బోధన పద్ధతి) సీటు రాదు. బీఏలో స్పెషల్ ఇంగ్లిష్ గానీ ఇంగ్లిష్ లిటరేచర్ గానీ ఉండాలి, లేదంటే ఎంఏ ఇంగ్లిష్ చేసి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి ఒకే మేజర్ విధానం వచ్చింది కాబట్టి అక్కడ ఇంగ్లిష్‌ను మేజర్‌గా పెట్టుకుంటే సరి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడే ఇంగ్లిష్ లిటరేచర్ ఉన్న గ్రూపు ఏ కాలేజీలో ఉందో చూసుకోవాలి. బీఏ చేసి బీఈడీ చేస్తే 3+2, అయిదేళ్లు. బీఎస్సీ అయ్యాక మనసు ఇంగ్లిష్ మీదికి మళ్లితే 3+2+2, ఏడేళ్లు. ఇంటర్ అయిన వేసవిలో ఒక్క పూట కూర్చుని ఆలోచించనందుకు పడే జరిమానా రెండేళ్లు. బీఈడీలో చేరడానికి డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం మార్కులు కావాలి.

తర్వాతి మెట్టు ఎడ్‌సెట్. పేరు ఒకటే, మార్కులూ 150 చొప్పునే, కానీ రెండు రాష్ట్రాల పరీక్షలు రెండు లోకాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మెథడాలజీ కోరుకున్నవారికి ఆ సబ్జెక్టులోనే 100 ప్రశ్నలు. అందరికీ ఉమ్మడిగా ఉండే జనరల్ ఇంగ్లిష్ మరో 25. మిగిలిన 25లో జనరల్ నాలెడ్జికి 15, బోధనాభిరుచికి 10. అంటే 150లో 125 ఇంగ్లిషే. తెలంగాణలో 2021 నుంచి మెథడాలజీతో పని లేకుండా అందరికీ ఒకే పేపరు. పదో తరగతి వరకు ఉన్న లెక్కలు, సైన్సు, సోషల్ తలా 20 చొప్పున 60. జనరల్ నాలెడ్జి, విద్యా విషయాలకు 30. బోధనాభిరుచి 20, కంప్యూటర్ పరిజ్ఞానం 20. ఇంగ్లిష్‌కు మిగిలేది 20. షేక్‌స్పియర్‌ను మూడేళ్లు చదివిన అమ్మాయి ఎడ్‌సెట్ కోసం త్రికోణమితి తిరగేయాల్సి వస్తుంది.

తెలంగాణ పద్ధతికీ ఒక సమర్థన ఉంది. ఏ గ్రూపు వాళ్లయినా ఒకే కొలతకు వస్తారు, ర్యాంకుల్లో సబ్జెక్టు గొడవ ఉండదు. కాకపోతే ఆ ర్యాంకు చూసి మీ ఇంగ్లిష్ ఏ పాటిదో మీకే తెలియదు.

బీఈడీ దగ్గర కాస్త ఆగాలి. మొత్తం ప్రయాణంలో మీరు నోరు తెరిచినప్పుడు ఎదురుగా ఒకరు కూర్చుని వినేది ఇక్కడే.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనలతో ఏడాది బీఈడీ 2015-16 నుంచి రెండేళ్లయింది. అడ్మిషన్లు, పరీక్షల రోజులు తీసేసి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు. తరగతి పనికి 80 శాతం హాజరు ఉండాలి, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. బడిలో గడపాల్సింది 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కాగితం మీద ఇది మంచి కోర్సు.

నేను బీఈడీ చేసిన రోజుల్లో కోర్సు ఏడాదే. మెథడాలజీకి 20 చొప్పున 40 లెసన్ ప్లాన్లు రాయాలి. రాశాం. అందులో సగం సీనియర్ల రికార్డులు ముందు పెట్టుకుని రాసినవే. 'మోటివేషన్' అన్న గడిలో ఏ పాఠానికైనా ఒకటే వాక్యం. రికార్డుకు రంగు కాగితం అట్టలు, లోపల ఎర్ర స్కెచ్ గీతలు, చివర సూపర్‌వైజర్ సంతకం. అట్టలకు పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఉచ్చారణకు పెట్టి ఉంటే, ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్లు ఎనిమిదో తరగతి పిల్లల ముందు అంత చెమట పట్టేది కాదు. ఇప్పటి రెండేళ్ల కోర్సులో కూడా అడ్మిషన్ తీసుకుని పరీక్షలకు మాత్రమే కనిపించే విద్యార్థులున్నారు, అలాంటివారినే కోరుకునే కాలేజీలూ ఉన్నాయి. 90 శాతం హాజరు అన్న అంకె అక్కడ రిజిస్టరులో భద్రంగా ఉంటుంది.

బీఈడీలో అందరూ తంతుగా ముగించేసే ఒక చిన్న అంశంలో అసలు బంగారం ఉంది. దాని పేరు మైక్రో టీచింగ్. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో స్థిరపడిన లెక్క ప్రకారం ఒక్క ఆవృత్తికి 36 నిమిషాలు. 6 నిమిషాలు పాఠం చెప్పాలి, తోటివాళ్లే పిల్లలు. 6 నిమిషాలు లోపాలు వినాలి. 12 నిమిషాలు పాఠాన్ని మళ్లీ అల్లుకోవాలి. 6 నిమిషాలు మళ్లీ చెప్పాలి, 6 నిమిషాలు మళ్లీ వినాలి. ఒక్కో ఆవృత్తిలో ఒక్క నైపుణ్యమే: ప్రశ్న వేయడం, ఉదాహరణ ఇవ్వడం, బోర్డు వాడడం, ఇలా. చెప్పిన సమయం 12 నిమిషాలు, విన్న సమయం 12, దిద్దుకున్న సమయం 12. ఇంత సమతూకం నాకు మరే శిక్షణలోనూ కనిపించలేదు. నవ్వుకుంటూ చేసి, రికార్డులో నాలుగు పేజీలు నింపి వదిలేస్తాం.

బీఈడీ చేతికొచ్చాక టెట్. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, ఆ ఏడాది ఆగస్టు 23 నాటి ప్రకటనతో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పేవారికి టెట్ తప్పనిసరి అయింది. హైస్కూల్ టీచరు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకూ చెబుతారు కాబట్టి రెండో పేపరు రాయాలి. 150 మార్కులు, 150 నిమిషాలు. శిశు వికాసం 30, మొదటి భాష 30, రెండో భాషగా ఇంగ్లిష్ 30, సబ్జెక్టు 60. మన రాష్ట్రాల్లో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత. ఒకప్పుడు ఏడేళ్లకే కాలం చెల్లే ఈ సర్టిఫికెట్‌ను 2021లో జీవితకాలానికి మార్చారు, 2011 నుంచి పాసైన వారందరికీ అది వర్తిస్తుంది.

ఆ 60 మార్కుల సబ్జెక్టు దగ్గరే చిక్కు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం లెక్కలు-సైన్సు ఒక పేపరు, సోషల్ ఒక పేపరు. భాష చెప్పేవారు ఈ రెంటిలో ఏదో ఒకటి రాసుకోవాలి. తెలంగాణలో ఇంగ్లిష్ అభ్యర్థులు ఎక్కువగా సోషల్ వైపు వెళ్తారు. ఆంధ్రప్రదేశ్ టెట్‌లో భాషా ఉపాధ్యాయులు ఆ 60నీ తమ భాషలోనే రాసే ఏర్పాటు ఉంది.

ఇప్పుడు డీఎస్సీ లెక్క కలుపుదాం. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్షకు 80, టెట్ వెయిటేజీ 20. టెట్‌లో ఏడున్నర మార్కులు మెరిట్ లిస్టులో ఒక మార్కు. టెట్‌లో 105 వచ్చినవారికి 14, 135 వచ్చినవారికి 18. ఈ నాలుగు మార్కుల తేడాను డీఎస్సీలో పూడ్చాలంటే ఎనిమిది బిట్లు ఎక్కువ కొట్టాలి, బిట్టుకు అర మార్కే కాబట్టి. తెలంగాణ డీఎస్సీ 2024లో స్కూల్ అసిస్టెంట్ పేపరును ఇలా పంచారు: జనరల్ నాలెడ్జి, వర్తమానాంశాలు 10, విద్యా దృక్పథాలు 10, సబ్జెక్టు కంటెంట్ 44, మెథడాలజీ 16. టెట్‌ను కూడా ఇదే త్రాసులో వేస్తే సోషల్‌కు 8, ఇంగ్లిష్‌కు 4, మొదటి భాషకు 4, శిశు వికాసానికి 4 వస్తాయి. అంటే తెలంగాణలో ఇంగ్లిష్ టీచరును తేల్చే వంద మార్కుల్లో ఇంగ్లిష్‌వి 64. మిగిలిన 36 తక్కినవన్నీ పంచుకుంటాయి.

కోచింగ్ సెంటర్లు ఆ 36 మీద పడతాయి. తప్పేం లేదు, అక్కడ కొన్ని వారాల్లో మార్కులు పెరుగుతాయి. అవనిగడ్డలోనైనా హైదరాబాద్‌లోనైనా కోచింగ్‌లో దొరికేది ఆ వేగమే. కంటెంట్‌లోని 44 అలా రావు. ఒక పద్యాన్ని నిజంగా చదివినవాడికి, దాని గురించి గైడులో ఉన్న పది బిట్లు బట్టీ పట్టినవాడికి తేడా పదకొండో బిట్టు దగ్గర బయటపడుతుంది.

పోస్టుల సంగతి. తెలంగాణ డీఎస్సీ 2024లో 11,062 పోస్టులు, వాటిలో స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు, వాటిలో స్కూల్ అసిస్టెంట్లు 7,725. ఈ సంఖ్యల్ని చూసి మురిసిపోకండి. వీటిని సబ్జెక్టుల వారీగా, జిల్లాల వారీగా, రోస్టర్ వారీగా పంచాక మీ జిల్లాలో మీ వర్గానికి ఇంగ్లిష్‌లో ఎన్ని మిగులుతాయో అదే మీ సంఖ్య. అది ఒక చేతి వేళ్లకు మించకపోవచ్చు.

అంతకంటే ముఖ్యమైన అంకె మరొకటుంది. తెలంగాణలో 2024కు ముందు భర్తీ జరిగింది 2017 నోటిఫికేషన్‌తో. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన ప్రకటన రద్దయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025కు ముందు 2018. అక్కడా 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన పక్కకు పోయింది. రెండు చోట్లా ఏడేళ్ల ఎడం. డిగ్రీ, బీఈడీ కలిపి అయిదేళ్లు చదివినవారు, చదివినంత కంటే ఎక్కువ కాలం ఎదురుచూశారు. దానికి తోడు 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాల పోస్టులకు బీఈడీ చెల్లదని తేల్చింది. అంతకుముందు, స్కూల్ అసిస్టెంట్ రాకపోతే ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) అనుకునే వీలుండేది. ఆ కిటికీ మూసుకుంది.

అందుకే ఒక్క డీఎస్సీనే నమ్ముకోవద్దు. గురుకులాలు వేరే బోర్డు ద్వారా భర్తీ చేస్తాయి, తెలంగాణలో 2023లో అలా తొమ్మిది వేలకు పైగా పోస్టులకు ప్రకటనలొచ్చాయి. కేంద్రీయ విద్యాలయాలున్నాయి. ప్రైవేటు స్కూళ్లున్నాయి. జీతం మాట పక్కన పెడితే, అవి ఒక్క పని మాత్రం ఖాయంగా చేస్తాయి. ఇంటర్వ్యూలో మీ ఇంగ్లిష్ వింటాయి. పిల్లల ముందు నిలబెట్టి డెమో అడుగుతాయి. ప్రభుత్వ పరీక్షలు వదిలేసిన ఆ సున్నా మార్కుల సబ్జెక్టునే అక్కడ ముందు అడుగుతారు.

ఇంటర్ అయిపోగానే ఈ దారి ఖాయం చేసుకున్నవారికి దగ్గరి బాట కూడా ఉంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి పనిచేస్తోంది. డిగ్రీ, బీఈడీ కలిపిన నాలుగేళ్ల కోర్సులకు పేరున్న చోటు. ఆంధ్ర, తెలంగాణ దాని పరిధిలోవే. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీని కనీస అర్హత చేయాలంది. 2023-24లో ఆ కోర్సును 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు, ప్రవేశ పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో పెడుతున్నారు. డిగ్రీ అయ్యాక చేరేవారికైతే హైదరాబాద్‌లో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఉంది. అక్కడి బీఈడీ ఇంగ్లిష్ కోసమే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా అప్లికేషన్ వేయని వాళ్లే ఎక్కువమంది, నా ఎరుకలో.

ఇక బడిలోకి వెళ్దాం. పీరియడ్ 45 నిమిషాలు, తరగతిలో 40 మంది అనుకుందాం. టీచరు 25 నిమిషాలు మాట్లాడితే మిగిలేది 20. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే తలకు 30 సెకన్లు. జంటలుగా కూర్చోబెట్టి ఒకేసారి మాట్లాడిస్తే అదే 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి పది నిమిషాలు. గోల అవుతుంది, పక్క గది సారు తొంగి చూస్తారు. మెథడాలజీ పుస్తకంలో 'పెయిర్ వర్క్' అన్న రెండు మాటల వెనక ఉన్నది ఈ ఇరవై రెట్ల తేడా.

ఇంకో లెక్క. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలని విద్యాహక్కు చట్టం అంటుంది. రోజుకు అయిదు పీరియడ్ల చొప్పున 1,100 పీరియడ్లు. పీరియడ్‌కు 25 నిమిషాలు టీచరు గొంతు వినిపిస్తే ఏడాదికి దాదాపు 458 గంటలు. మన పల్లెల్లో చాలామంది పిల్లలకు ఎదుటి మనిషి నోట ఇంగ్లిష్ వినిపించేది ఆ గదిలో మాత్రమే. పరీక్షలో సున్నా మార్కులు ఉన్నదాన్ని ఉద్యోగంలో ఏటా 458 గంటలు చేయాలి.

మరి ఆ గొంతును కాలేజీలో ఎలా తయారు చేసుకోవాలి? తెలుగు నోటికి ఉన్న అలవాట్లు తెలుసుకోవడం నుంచి. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో ధ్వనులు 44: అచ్చులు 20, హల్లులు 24. అక్షరాలు 26 మాత్రమే. రాసినట్టే పలికే భాషలో పెరిగిన మనకు ఇది మొదటి దెబ్బ. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ బస్సు అయింది, కార్ కారు అయింది, పెన్ పెన్ను అయింది. తెలుగులో అది అందమే. ఇంగ్లిష్ వాక్యం చదివేటప్పుడు ఆ చివరి అచ్చు తోకలా వేలాడుతుంది. 'వ' మనకు ఒక్కటే, వాళ్లకు రెండు: ఒకటి పంటితో, ఒకటి పెదాలు గుండ్రంగా చుట్టి. తొడుక్కునే వెస్ట్, పడమర అయిన వెస్ట్ మన నోట కవలలు. అన్నిటికంటే పెద్దది ఊనిక. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద బరువు పడాలి. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు, అందుకే మన చెవి దాన్ని పట్టించుకోదు.

వ్యాకరణంలోనూ అంతే. 'తిన్నాను' అన్న ఒక్క తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో సందర్భాన్ని బట్టి రెండు రూపాలున్నాయి: భూతకాలం ఒకటి, 'హ్యావ్' చేర్చినది ఒకటి. పిల్లవాడు ఈ రెండూ కలిపేస్తే వాడికి తెలివి లేక కాదు, వాడి భాష అలా పనిచేస్తుంది కనుక. ఈ సంగతి లండన్ నుంచి వచ్చిన టీచరుకు తట్టదు. తెలుగు బాగా తెలిసిన ఇంగ్లిష్ టీచరుకే తడుతుంది. బీఏలో ఇంగ్లిష్ పక్కన తెలుగు చదివేవాళ్లు తమకేదో తక్కువైందని అనుకోనక్కర్లేదు.

చదవడం గురించి ఒక్క మాట. రోజుకు పది పేజీలంటే ఏడాదికి 3,650 పేజీలు, 200 పేజీల పుస్తకాలు 18. డిగ్రీ మూడేళ్లలో 54. సిలబస్‌లో ఉన్నవి కాదు, మీకు నచ్చినవి. ఆర్.కె.నారాయణ్‌తో మొదలుపెడితే నిఘంటువు అవసరం తక్కువ.

జీతం ఎంతని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. తెలంగాణలో 2020 వేతన సవరణ (పీఆర్‌సీ) ప్రకారం స్కూల్ అసిస్టెంట్ స్కేలు రూ.42,300–1,15,270. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్‌సీతో రూ.44,570–1,27,480. కరువు భత్యం, ఇంటి అద్దె అదనం.

ఈ దారిలో ఉన్న డిగ్రీ విద్యార్థికి ఒక్క విన్నపం. బీఈడీలో చేరేదాకా ఆగకండి. తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ రీడర్ ఒకటి సంపాదించండి, తమ్ముడిదో పక్కింటి పిల్లదో. ఒక పేరా ఎంచుకుని, ఎదురుగా పిల్లలున్నట్టు ఆరు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేస్తూ. ఆరు నిమిషాలు వినండి. పన్నెండు నిమిషాలు దిద్దుకోండి. మళ్లీ ఆరు నిమిషాలు చెప్పి, ఆరు నిమిషాలు వినండి. వారానికి రెండుసార్లు చేసినా మూడేళ్లలో మూడు వందల పాఠాలు దాటుతాయి. మొదటి రికార్డింగును మాత్రం చెరిపేయకండి.